ప్లీడరు గారి మూడు పళ్ళు

“ఈ వీధిలో నేరం చేసి నా కన్ను కప్పినవాడు ఇంతవరకూ పుట్టలేదు. ఒకవేళ పుట్టినా, నడక నేర్చేలోగా నా చేతికి చిక్కుతాడు!” అని ప్రకటించాడు భూతద్దం, ఎడమ కంటికి బిగించుకున్న గాజును ఊడదీసి గాల్లో తిప్పుతూ.

ఆ ప్రకటనకు శ్రోతలు ఇద్దరు. ఒకటి, బాగుచేతకు వచ్చిన గోడ గడియారం. రెండు, ఆయన మేనకోడలు. గడియారం టక్కున ఆగిపోయి తప్పించుకుంది. మేనకోడలికి ఆ వీలు లేదు.

“మామయ్యా, నీకు దణ్ణం పెడతాను, మెల్లిగా మాట్లాడు. పైకి వినబడుతుంది.”

“వినబడనీ! నేరస్థుడి గుండెల్లో రైళ్ళు పరిగెత్తనీ!”

“పైనున్నది నేరస్థుడు కాదు, మా డాక్టరమ్మ.”

“అలా అనకు కోడలా. ఈ క్షణం నుంచి నాకు ఎవరూ డాక్టరమ్మ కాదు, ఎవరూ మేనకోడలు కాదు. అందరూ అనుమానితులే.”

భూతద్దం అన్నది ఆ కంటి గాజును బట్టి వీధి పెట్టిన పేరు, వృత్తి గడియారాల మరమ్మతు. పళ్ళ క్లినిక్కుకు వెళ్ళే మెట్ల కింద ఆయన కొట్టు. కొట్టులో గడియారాలు తక్కువ, అట్టలు చిరిగిన డిటెక్టివ్ నవలలు ఎక్కువ. పాత పుస్తకాల బండి మీద కొన్న ఆ నవలల్లో చాలావాటికి చివరి పేజీలు ఉండవు. అందువల్ల పరిశోధన ఎలా మొదలుపెట్టాలో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఎలా ముగించాలో మాత్రం ఇంతవరకూ ఎక్కడా చదవలేదు. కిందటేడు ఎవరిదో గొడుగు పోతే వీధి వీధంతా ప్రశ్నించి, వాన మొదలవగానే అదే గొడుగు వేసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

అలాంటి మనిషి దగ్గరకు తానుగా రావడమేమిటని మేనకోడలు తనను తాను తిట్టుకుంటూనే ఉంది. కానీ ఆమె మెట్లు దిగేసరికి కళ్ళల్లో నీళ్ళున్నాయి, మెట్ల కింద మామయ్య ఉన్నాడు. కన్నీళ్ళను ఆయన నేరపరిశోధనకు ఆహ్వానంగా తీసుకున్నాడు.

“మొదటినుంచి చెప్పు. ఏం పోయింది?”

“బ్రిడ్జి.”

“బ్రిడ్జే!” భూతద్దం కుర్చీలోంచి లేచాడు. “ఊళ్ళో ఎవరూ అనుకోవడం లేదేం? దాని కింద నది ఉందా, అదీ పోయిందా?”

“నోట్లో పెట్టే బ్రిడ్జి మామయ్యా! మూడు పళ్ళది. ప్లీడరు గారికి ఎడమవైపు పై పన్ను ఒకటి లేదు. దానికి అటూ ఇటూ ఉన్న రెండూ అరిగిపోయాయి. ఆ రెంటినీ సన్నగా చెక్కి, వాటికి టోపీలు తొడిగినట్టు క్యాపులు తొడిగి, మధ్యలో లేని పన్నును వాటికే కలిపి నిలబెడతాం. మూడూ ఒకటే ముక్క. అది పోయింది.”

“ఎవరు చేశారు?”

“పోగొట్టడమా?”

“పళ్ళు.”

“నేనే,” అంది ఆమె. 

ఆమెను అందరూ పళ్ళమ్మాయి అంటారు. క్లినిక్కు వెనక గదిలో, ప్లాస్టర్ దవడల మధ్య కూర్చుని, పింగాణీ పొడిని తడిపి, సన్నటి కుంచెతో పొర మీద పొర వేసి, చిన్న కొలిమిలో కాల్చి పళ్ళు చేస్తుంది. అంతకుముందు ఆ పని చేసిన పెద్దాయన చూపు ఆనక మానుకున్నాడు. అప్పుడు డాక్టరమ్మ పిలిచి చెప్పింది: “ఈ ఒక్క బ్రిడ్జి మొదలు నుంచి చివరిదాకా నువ్వే చెయ్యమ్మా. నోట్లో కుదిరితే ల్యాబ్ నీది. కుదరకపోతే పనంతా బయటికి పంపించేస్తాం. అప్పుడు నన్నేమీ అనుకోకు.”

ఆమె ఆ మూడు పళ్ళ కోసం పడిన పాట్లు పళ్ళకే తెలుసు. ప్లీడరు గారి పళ్ళు తెల్లగా ఉండవు. చిగుళ్ళ దగ్గర పలచటి టీ రంగు, అంచు దగ్గర కాస్త బూడిద రంగు, పక్క పన్ను మీద వెంట్రుకంత గోధుమ గీత. ఆమె ఆ గీతను కూడా వేసింది. కొత్త పళ్ళు కొత్తగా కనబడ్డాయంటే పని చెడినట్టే. నిన్న సాయంత్రం డాక్టరమ్మ వాటిని ప్లీడరు గారి నోట్లో పెట్టి చూసి, “అమ్మాయీ, అద్దినట్టు కూర్చుంది! రేపు అతికించేద్దాం!” అని వెనక గదికి కేక కూడా వేసింది. ఆ కేక వింటూ ఆమె గాల్లో తేలుతూ ఇంటికి వెళ్ళింది. పొద్దున వచ్చి చూస్తే ట్రే ఖాళీ.

“ప్లీడరు గారు సాయంత్రం వచ్చేస్తారు మామయ్యా. ఇంకోటి చెయ్యాలంటే రెండు రోజులైనా కావాలి. ఆయనకి ఈ సంగతి తెలిసిందో, అంతే! సినిమా హాల్లో కుర్చీ కిర్రుమందని నోటీసిచ్చిన మనిషి.”

“అయితే ఆయనకి తెలియకూడదు. రాసుకున్నాను.” రాసుకోలేదు, కలం దొరకలేదు. “ఇంకెవరికి తెలియకూడదు?”

“డాక్టరు గారికి.”

“డాక్టరమ్మ గారి భర్తకే?”

“వాళ్ళిద్దరికీ నిన్న పొద్దుటినుంచి మాటల్లేవు. కొత్త కుర్చీ నీలం రంగుది కొనాలా ఆకుపచ్చదా అని మొదలైంది. పెళ్ళినాటి సంగతులదాకా వెళ్ళింది. ఇద్దరూ ఒకే గదిలో నిలబడి, ‘అమ్మాయీ, ఆయన్ని పక్కకి జరగమను,’ ‘అమ్మాయీ, జరిగానని చెప్పు’ అంటున్నారు. ఇప్పుడు ఆవిడ బల్ల మీది వస్తువు పోయిందని ఆయనకి తెలిస్తే, బతికినంతకాలం దెప్పుతాడని ఆవిడ భయం. ఆయన పొద్దున్నే ఏదో స్కూల్లో పిల్లల పళ్ళు చూడ్డానికి వెళ్ళారు. వచ్చేలోగా దొరకాలి.”

భూతద్దం గాజును తిరిగి కంటికి తగిలించాడు. ఆ గాజులోంచి ఆయన కన్ను కోడిగుడ్డంత కనిపించింది.

“పద కోడలా. రక్తం చుక్క చిందని ఈ ఘోరం వెనక ఏ అదృశ్య హస్తం ఉందో తేలుద్దాం.”

పైకి వెళ్ళగానే ఆయన చేసిన మొదటి పని, గుమ్మం దగ్గర బోర్లా పడుకుని నేలను పరిశీలించడం. రెండో పని, లోపలికి వస్తున్న డాక్టరమ్మ ఆయన చెయ్యి తొక్కితే అరవడం.

“ఎవరండీ ఈయన?”

“మా మామయ్యండీ. కింద గడియారాల...”

“గడియారాలు పైపై వేషం,” అన్నాడు భూతద్దం, నేల మీద నుంచే. “నిన్న సాయంత్రం మీరెక్కడున్నారు?”

“ఇక్కడే. నా క్లినిక్కులో.”

“సాక్షి?”

“నోరు తెరుచుకుని కూర్చున్న పేషెంటు.”

“మాట్లాడలేని సాక్షి! ఆహా! ఎంత పకడ్బందీ పథకం!”

డాక్టరమ్మ పళ్ళమ్మాయి వైపు చూసింది. పళ్ళమ్మాయి గోడ వైపు చూసింది. గోడ మీద ‘బ్రిడ్జి పెట్టించుకున్నవారు జిగురుగా ఉండేవి తినరాదు’ అన్న బోర్డు ఉంది. దాన్నే శ్రద్ధగా చదవసాగింది.

“చూడండి,” అంది డాక్టరమ్మ ఓపిక కూడదీసుకుని. “బ్రిడ్జి పెట్టి చూశాను. సరిపోయింది. ఈలోగా మా బాబు ఉయ్యాల మీంచి పడ్డాడని స్కూలు నుంచి ఫోను. బ్రిడ్జి తీసి ట్రేలో పెట్టాను, అంతదాకా తాత్కాలికంగా వాడుతున్న పాత ప్లాస్టిక్కుది ఆయనకి తొడిగేశాను, పరిగెత్తాను. నా చేత్తో తీశాను. నా చేత్తో పెట్టాను.”

“బాబుకెలా ఉంది?”

“మోకాలు గీరుకుపోయింది.”

“మోకాలా... చిత్రంగా ఉందే,” అని భూతద్దం చాలాసేపు ఆలోచించాడు. అందులో చిత్రమేమిటో ఎవరూ అడగలేదు. ఆయన గది గాలించడంలో పడ్డాడు. సొరుగులు లాగాడు, కుర్చీ కింద దూరాడు, అక్కడ ఏదో మీట తొక్కి కుర్చీని ఆకాశానికి లేపాడు. చెత్తబుట్టలో మోచేతిదాకా చెయ్యి పెట్టి, “దూది... దూది... ఏదో ప్లాస్టిక్కు చెత్త... దూది. ఇక్కడేమీ లేదు!” అని మూట కట్టి కిటికీ పక్కనున్న పెద్ద తొట్టిలోకి విసిరేశాడు.

ఆ సందట్లో డాక్టరమ్మ పళ్ళమ్మాయిని వెనక గదిలోకి పిలిచింది. తలుపు దగ్గరగా వేసింది.

“చూడమ్మా. పింగాణీ కదా, ఒక్కోసారి చిట్లుతుంది. పొద్దున నువ్వు ముందు వచ్చావు. చూసుకుని, భయపడి, ఎక్కడైనా దాచేసి ఉంటే చెప్పెయ్. నేనేమీ అనను.”

“నేను దాచలేదండీ.”

“ఏమీ అనననే చెప్తున్నాను కదా.”

తిట్టినా బాగుండేదనిపించింది పళ్ళమ్మాయికి. ల్యాబ్ పోతే పోయింది. తను చేసిన పని మంచిదని నమ్మినవాళ్ళు, ఇప్పుడు దాన్ని దాచుకోవలసినంత చెడ్డదని నమ్ముతున్నారు. బల్ల మీద ప్లీడరు గారి ప్లాస్టర్ దవడ ఉంది. అందులో చెక్కిన రెండు మొద్దుల మధ్య ఖాళీ అలాగే ఉంది. ఆమె దాన్ని గుడ్డతో కప్పింది.

“పట్టేశా!” అని తలుపు తోసుకుని వచ్చాడు భూతద్దం. చేతిలో ఎర్రటి మైనం బిళ్ళ. దాని మీద అర్ధచంద్రాకారంలో లోతైన గాట్లు. “పంటిగాట్లు! నేరస్థుడు ఆవేశం పట్టలేక ఇక్కడ కొరికాడు!”

“అది పేషెంటు కొరికిందే మామయ్యా. కొరకమని మేమే ఇస్తాం. పై పళ్ళూ కింది పళ్ళూ ఎలా కలుస్తున్నాయో చూడ్డానికి.”

“ఇదో?”

“అదీ అంతే.”

“ఈ డబ్బా నిండా?”

“డబ్బా నిండా అవే.”

“అంటే ఒక ముఠా!” అన్నాడు భూతద్దం. “కోడలా, పంటిగాటు అబద్ధమాడదు. ఈ మేడ ఎక్కి దిగే ప్రతివాడి గాటూ తీసుకుంటాను. పోల్చి చూస్తాను. దొంగ వాడి పళ్ళతోనే వాడు దొరుకుతాడు!”

“ఎవరు కొరుకుతారు మామయ్యా నీకోసం?”

ఆయన అప్పటికే మెట్లు దిగుతున్నాడు. మలుపులోని దుకాణం నుంచి జేబు నిండా పాల టాఫీలతో తిరిగొచ్చాడు. బొటనవేలంత లావు, నోట్లో వేసుకుంటే దవడలు రెండూ అంటుకుపోయే రకం. గాటు చక్కగా పడుతుందని వాటినే ఏరి తెచ్చాడట. డాక్టరమ్మ కొరకనంది. పళ్ళమ్మాయి కొరకనంది. “కొరకనివాళ్ళ మీదే అనుమానం రెట్టింపవుతుంది,” అని హెచ్చరించి, ఆయన ముందు గదిలో కుర్చీ వేసుకుని, మేడ ఎక్కబోయే మొదటి మనిషి కోసం మాటు వేశాడు.

మొదటి మనిషి ప్లీడరు గారు. చెప్పిన వేళకు ముందే రావడం ఆయన అలవాటు, ఎదుటివాడు ఆలస్యం చేశాడని చెప్పడానికి వీలుగా ఉంటుందని.

ఆయన గొంతు వినగానే లోపల ఇద్దరి మొహాలూ పాలిపోయాయి.

“వెళ్ళు, నువ్వెళ్ళి చెప్పు,” అంది డాక్టరమ్మ గుసగుసగా. “కొలిమి పాడైందను. కరెంటు లేదను.”

“లైట్లు వెలుగుతున్నాయండీ.”

“ఆర్పేసి చెప్పు!”

పళ్ళమ్మాయి గొంతు సవరించుకుని ముందు గదిలోకి వచ్చింది. అక్కడ ప్లీడరు గారు దర్జాగా కూర్చుని ఉన్నాడు. ఎదురుగా భూతద్దం, కంటికి గాజుతో, ముక్కుకు ముక్కు తగిలేంత దగ్గరగా వంగి ఉన్నాడు. ప్లీడరు గారి నోట్లో సగం టాఫీ, బయట సగం టాఫీ.

“మామయ్యా!”

“నేనేమీ చెప్పలేదు కోడలా! మాట ఇచ్చాను కదా. ఒక్క టాఫీ ఇచ్చానంతే. ఊఁ, కొరకండి సార్, గట్టిగా. ఎడమవైపు. ఇప్పుడు లాగండి.”

ప్లీడరు గారు కొరికాడు. లాగాడు. టాఫీ తాడులా సాగింది. ఇంకా లాగాడు. ‘టప్’ మని చిన్న చప్పుడు.

టాఫీ బయటికొచ్చింది. దాని కొసన, పలచటి టీ రంగులో, వెంట్రుకంత గోధుమ గీతతో, మూడు పళ్ళు వరసగా కూర్చుని ఉన్నాయి.

 భూతద్దం కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచాడు.

“కదలకు! కదిలావో! దొంగ సొత్తు నోట్లో దాచుకుని, ఏమీ ఎరగనట్టు దొంగతనం చేసిన చోటికే వస్తావా?”

“ఎవడ్రా నువ్వు?” గాలి పోతున్న నోటితో గర్జించాడు ప్లీడరు గారు. “అవి నా పళ్ళు!”

“నీవని రుజువేమిటి?”

“నా నోట్లోంచి వచ్చాయి కదరా!”

“పట్టుబడ్డ ప్రతివాడూ అదే అంటాడు!”

“నీ మీద పరువునష్టం వేస్తాను! పంటినష్టం వేస్తాను! ఆ టాఫీ చేసినవాడి మీద కూడా వేస్తాను!”

ఈ కేకలకు డాక్టరమ్మ బయటికి పరిగెత్తుకొచ్చింది. సరిగ్గా అప్పుడే స్కూలు పని ముగించుకుని డాక్టరు గారు మెట్లెక్కి లోపల అడుగుపెట్టాడు. ప్లీడరు గారు వేలు చూపించాడు.

“అదిగో, ఆయన్నే అడగండి! నిన్న పెట్టి పంపింది ఆయనే!”

“అవునండీ,” అన్నాడు డాక్టరు గారు, బ్యాగు ఇంకా భుజం మీదే. “అమ్మాయీ, ఆవిడతో చెప్పు. ఆవిడ పేషెంటుని కుర్చీలో వదిలేసి వెళ్ళిపోతే నేను వచ్చి చూశాను. బ్రిడ్జి నోట్లో ఉంది, బాగా కూర్చుని ఉంది. మళ్ళీ ఊడదీసే వీలుండేలా మెత్త సిమెంటు పెట్టి, ఒక రోజు నమిలి చూసి రమ్మని పంపాను. పాత ప్లాస్టిక్కుది బుట్టలో పడేశాను. ఆవిడ పేషెంటుని నేనూ, నా పేషెంటుని ఆవిడా ముగించడం పెళ్ళైనప్పటినుంచీ ఉన్నదేగా.”

బుట్ట మాట వినగానే భూతద్దం పైకప్పు పరిశీలించడం మొదలుపెట్టాడు.

“ఆయనతో చెప్పు,” అంది డాక్టరమ్మ, “నేను వెళ్ళేముందు తీసేశాననీ, నాకు బాగా గుర్తుందనీ.”

“తియ్యలేదని చెప్పు.”

“తీశాను! ఇలా రెండు వేళ్ళతో పట్టుకుని...” అని డాక్టరమ్మ గాల్లో చూపించబోయి ఆగిపోయింది. తన చేతిని తానే చూసుకుంది. పొద్దుటినుంచి సాయంత్రందాకా పెట్టడం తియ్యడం, పెట్టడం తియ్యడం చేసే చెయ్యి అది. ఎన్నో నోళ్ళలో చేసినదాన్ని ఈ నోట్లో కూడా చేసినట్టే గుర్తుపెట్టుకుంది. అప్పుడు ఆమె మనసంతా ఉయ్యాల మీద ఉంది.

“మరి నాకు చెప్పొచ్చు కదండీ!” అని ఆమె నేరుగా భర్త మీదే విరుచుకుపడింది.

“అమ్మాయితో చెప్పిద్దామనుకున్నాను. అమ్మాయి ఇంటికెళ్ళిపోయింది.”

“ఫోను చెయ్యచ్చుగా!”

“మాటల్లేవు కదా, ఫోనెలా చేస్తాను?”

తామిద్దరూ నేరుగా మాట్లాడుకుంటున్నామని అప్పుడు గ్రహించారు. ఎవరూ మాట వెనక్కి తీసుకోలేదు. డాక్టరు గారు బ్యాగు దించాడు. డాక్టరమ్మ ప్లీడరు గారి చేతిలోంచి టాఫీ లాక్కుని నీళ్ళ కుళాయి దగ్గరకు నడిచింది.

పళ్ళమ్మాయి కదల్లేదు. దొంగ ఎవరూ లేరని తేలింది, మంచిదే. కానీ ఆ మూడు పళ్ళూ రాత్రంతా ఒక ప్లీడరు నోట్లో ఉన్నాయి, ఇప్పుడు టాఫీతో పెనుగులాడి ఊడి వచ్చాయి. ఎక్కడైనా చిట్లి ఉంటే? నిన్న లేని గీత ఇప్పుడుంటే? డాక్టరమ్మ వాటిని కడిగి, పెద్ద దీపం కిందకు తీసుకెళ్ళి, గోరుతో అంచు వెంబడి రాసింది. తిప్పింది. మళ్ళీ రాసింది. భర్తకు అందించింది. ఆయనా అలాగే తిప్పాడు.

“గాటు లేదు,” అన్నాడు.

“గీత ఒకటుంది,” అంది డాక్టరమ్మ.

పళ్ళమ్మాయి ఒక్క అంగలో దీపం దగ్గరకు వచ్చింది.

“గోధుమ రంగుది. ఆయన పక్క పంటికి ఉన్నదాని లాంటిదే. ఇది వెయ్యమని నేను చెప్పలేదే?”

“నేనే వేశానండీ,” అంది పళ్ళమ్మాయి.

డాక్టరమ్మ ఆ గీతను ఇంకోసారి చూసింది. ప్లీడరు గారి వైపు తిరిగింది. “రాత్రి నమలడానికి ఇబ్బందేమైనా అనిపించిందా అండీ?”

ప్లీడరు గారు ఇంకా మండిపడుతున్నాడు. అయినా ప్రశ్న అడిగితే తడుముకోకుండా జవాబు చెప్పడం ఆయన వృత్తిధర్మం. “ఏం ఇబ్బంది? ఇన్నేళ్ళూ కుడివైపే నమిలాను. నిన్న రాత్రి భోజనం సగమయ్యాక చూసుకుంటే ఎడమవైపు నములుతున్నాను! కొత్త పళ్ళు పెట్టించుకున్న సంగతే మర్చిపోయాను. మా ఆవిడ నా నోరు తెరిపించి, దీపం పెట్టి వెతికి, పక్కనున్న నా సొంత పన్ను చూపించి, ‘ఇదేగా కొత్తది, బాగుంది’ అంది. నలభయ్యేళ్ళ కాపురంలో ఆవిడ ఒక వాదన ఓడిపోవడం అదే మొదలు. ఇంతకీ ఎవరు చేశారు వీటిని? పేరు చెప్పండి. నోటీసులో రాయాలి.”

“నోటీసులో ఎందుకండీ?”

“ఈ గాజుకన్ను మనిషి మీద నోటీసు. నష్టపోయిన సొత్తు ఎంత గొప్పదో రాయొద్దూ?”

డాక్టరమ్మ వెనక గది వైపు చేయి చూపించింది. “మా ల్యాబ్ ఇన్‌ఛార్జ్ చేసిందండీ.”

ల్యాబ్‌కు ఇన్‌ఛార్జ్ ఎవరొచ్చారా అని పళ్ళమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. గదిలో ప్లాస్టర్ దవడలు తప్ప ఎవరూ లేరు. తిరిగి ఇటు చూసేసరికి డాక్టరమ్మ నవ్వుతోంది.

“పొద్దున నేనన్న మాట...” అని మొదలుపెట్టింది డాక్టరమ్మ.

“ఏమీ అనలేదుగా అండీ,” అంది పళ్ళమ్మాయి.

బ్రిడ్జిని ఈసారి గట్టి సిమెంటుతో అతికించారు. భార్య పట్టుకుంటే భర్త నొక్కాడు, భర్త నొక్కుతుంటే భార్య ‘ఇంకాస్త’ అంది. కుర్చీ రంగు గురించి ఆకుపచ్చా నీలమూ కానిది ఒకటి కొందామన్న రాజీ కూడా ప్లీడరు గారి తెరిచిన నోటి మీదుగానే కుదిరింది. ఆయన తీర్పు చెప్పబోయాడు గానీ నోట్లో నాలుగు చేతులున్నాయి.

ముందు గదిలో భూతద్దం విజయోపన్యాసం ఇస్తున్నాడు. వినడానికి ఈసారి గడియారం కూడా లేదు.

“చూశావా కోడలా! అందరూ ట్రే వెతికారు, సొరుగు వెతికారు. నోరు వెతకాలని నాకు తప్ప ఎవరికి తట్టింది? మొదటినుంచీ నా అనుమానం ఆయన మీదే! టాఫీ వలలో తిమింగలం పడింది. నేరప్రపంచం ఇక ఈ మెట్లు ఎక్కాలంటే...” అంటూ జేబులో మిగిలిన టాఫీ ఒకటి విప్పి, నోట్లో వేసుకుని, ఠీవిగా కొరికాడు.

‘కటక్’ మంది.

భూతద్దం ఉపన్యాసం మధ్యలో ఆగింది. దవడ మీద చెయ్యి వేసుకున్నాడు. కోడిగుడ్డంత కంట్లో కోడిగుడ్డంత నీటిబొట్టు తిరిగింది.

“కోలలా,” అన్నాడు. “నా లవల.”

కాసేపటికి ఆయన ఆ కుర్చీలోనే వెల్లకిలా ఉన్నాడు. లోపలి పన్ను సగానికి విరిగింది. క్యాపు వెయ్యక తప్పదన్నారు. ముందుగా పళ్ళ అచ్చు తియ్యాలని, డాక్టరమ్మ గులాబీరంగు ముద్ద నింపిన ట్రేని ఆయన నోట్లో పెట్టి, “ఇన్‌ఛార్జ్ గారూ, గట్టిపడేదాకా కాస్త పట్టుకోండి,” అని చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళింది.

పళ్ళమ్మాయి ఒక చేత్తో ట్రే పట్టుకుంది. రెండో చేత్తో రంగుల నమూనా పళ్ళ వరసను ఆయన పెదవి పక్కన ఆనించి, ఏది సరిపోతుందో చూడసాగింది. మామయ్య ఏదో చెప్పాలని చూశాడు. ముద్దలోంచి “మ్మ్” అని వచ్చింది. చూపుడువేలితో గోడ మీది గంటల గడియారాన్ని చూపించాడు, తర్వాత ద్వారాన్ని, తర్వాత తన కంటిని. ఎక్కడో మరో ఘోరం జరిగిపోతోందని ఆయన భావం. ఆ ఊరూ వీధీ ఎరిగినంతలో ఆయన ఇంతసేపు మాట్లాడకుండా ఉన్న సందర్భం ఇదే.

గదంతా ఎంత ప్రశాంతంగా ఉందో! లోపల భార్యాభర్తలు టీ తాగుతూ నవ్వుకోవడం కూడా వినబడుతోంది.

ముద్ద ఎప్పుడో గట్టిపడింది. ఆమె వేలితో నొక్కి చూసింది, రాయిలా ఉంది. ట్రే ఇక తీసెయ్యచ్చు.

ఆమె తియ్యలేదు.